మూలల్లో నిలబడ్డవాళ్ళు

శనివారం, యాంకరేజ్, అలాస్కా

పొద్దున్నే కెమెరా, మైకులు కార్లో పడేసుకుని మా కొలీగ్ ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మమ్మ ఎండుచేప ముక్కని సీల్ నూనెలో ముంచుకుని తింటోంది. నా వైపూ ఒక ముక్క జరిపింది. ఆ నూనె వాసన ఇప్పుడు అలవాటైపోయింది నాకు.

వాళ్ళు ఇనుపియాక్‌లు, అంటే అలాస్కా మూలవాసులు. బేరింగ్ సముద్రంలో కింగ్ ఐలాండ్ వాళ్ళ సొంతూరు. నిట్టనిలువు కొండవాలుకి గుంజలు పాతి, వాటి మీద ఇళ్ళు కట్టుకున్నారు. 1959లో ప్రభుత్వం అక్కడి బడి మూసేసింది. పిల్లల చదువు కోసం ఒక్కో కుటుంబమూ తీరం మీదున్న నోమ్ అనే ఊరికి వచ్చేసింది. పోలీసులూ బుల్డోజర్లూ ఏమీ అక్కర్లేకుండానే ఊరు ఖాళీ అయిపోయింది. మా కొలీగ్ డాక్యుమెంటరీ ఆ ఊరి గురించే, అంటే వాళ్ళమ్మమ్మ గురించే.

1937–38 చలికాలం ఆ దీవి మీదే గడిపిన జెసూట్ ఫాదర్ బెర్నార్డ్ హబ్బర్డ్ అప్పట్లో ఫిల్ము తీశాడు. అది ఆవిడకి లాప్‌టాప్‌లో చూపిస్తూ, ఆవిడ మాటలు రికార్డు చేయడం ఇవాళ్టి పని. ఫాదర్ గారికి కొండలూ, తోలు పడవలూ, డ్రమ్ముల దరువుకి వేసే నాట్యాలూ నచ్చినట్టున్నాయి. ఈవిడకి అవేమీ పట్టలేదు.

"ఆపు. వెనక్కి తిప్పు."

ఫ్రేములో ఓ మూల ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళ పిల్ల. మొహం సగమే కనిపిస్తోంది. "మా అమ్మ" అంది. ఎలా పోల్చుకున్నారంటే ఆ పిల్ల వేసుకున్న పార్కా (టోపీ ఉన్న చలికోటు) అంచు మీద వేలు పెట్టింది. ఆ కుట్టుపని ఈవిడ అమ్మమ్మదట, ఇంకెవరికీ రాదట. ఆ తర్వాత మూలల్లో ఉన్నవాళ్ళ వంతు: వీడు మా మావయ్య, ఈయన క్షయతో పోయాడు, ఇదిగో ఈవిడ పెద్దయ్యాక నన్ను చెంపమీద కొట్టింది.

కొలీగ్‌కి వీటన్నిటి మీదా వ్యాఖ్యానం పెట్టాలనుంది. నాకేమో ఈ గొంతు మీద ఇంకో గొంతు పడకూడదని. "1959 సంగతి తెలియనివాళ్ళకి ఏం అర్థమవుతుంది మరి?" అంది. అదీ నిజమే. డాక్యుమెంటరీ మొదట్లో రెండు లైన్లు అక్షరాల్లో వేద్దామని ఒప్పందానికొచ్చాం. ఫ్రిజ్ గుర్రుమనే చప్పుడు మాత్రం మొత్తం రికార్డయింది. కాసేపు ఆపుదామంటే పెద్దావిడ ఒప్పుకోలేదు, లోపల వాల్రస్ మాంసం ఉందట.

పెద్దావిడకి పెన్‌డ్రైవ్‌లో కాపీ రేపే కావాలట. నోమ్‌లో ఉన్న పిన్ని కూతురు ఆ చెంపదెబ్బ సంగతి ఇప్పటికీ నమ్మడం లేదట.