మా హల్ కేఆర్ గెలిచింది
ఇంగ్లండ్‌లోని హల్ ఊరికి వచ్చాకే నాకు రగ్బీ లీగ్ (జట్టుకి పదమూడు మంది ఆడే రగ్బీ) పిచ్చి పట్టుకుంది. ఊరికి తూర్పు వైపున ఉండేవాళ్లలో ఎక్కువమంది హల్ కేఆర్ జట్టు అభిమానులే. మేమూ అటే.

2015లో నాకౌట్ పోటీ అయిన ఛాలెంజ్ కప్ ఫైనల్లో లీడ్స్ చేతిలో 50-0తో ఓటమి. మరుసటి ఏడాది ఇంకా ఘోరం. పై డివిజన్ అయిన సూపర్ లీగ్‌లో నిలవాలంటే గెలిచి తీరాల్సిన మ్యాచ్, అదీ సొంత మైదానంలో. చివరి నిమిషాల దాకా 18-10తో మనమే ముందున్నాం. ప్రత్యర్థి సాల్ఫర్డ్ రెండు ట్రైలతో (బంతిని గోల్ గీత అవతల నేలకి ఆనిస్తే ట్రై, నాలుగు పాయింట్లు) సమం చేసి, అదనపు సమయంలో ఎంతో దూరం నుంచి డ్రాప్ గోల్ (బంతిని నేలకి తాకించి తన్నే, ఒక్క పాయింటు గోల్) కొట్టింది. 19-18! కింది డివిజన్‌కి పడిపోయాం.

ఏడాదికే తిరిగొచ్చాం కానీ, 2023లో లీ జట్టు మీద ఒక్క పాయింటుతో ఛాలెంజ్ కప్ చేజారింది. 2024లో సూపర్ లీగ్ విజేతను తేల్చే గ్రాండ్ ఫైనల్ విగాన్‌కి పోయింది.

ఇక 2025, వెంబ్లీలో ఛాలెంజ్ కప్ ఫైనల్. వారింగ్టన్ 6-2తో ముందుంది, మిగిలింది రెండే నిమిషాలు. టెన్షన్‌తో నోట మాట లేదు. తన్నిన బంతి మీద పడి టామ్ డేవీస్ ట్రై చేశాడు. మైకీ లూయిస్ మైదానం అంచు దగ్గర్నుంచి కొట్టిన, ట్రై తర్వాత వచ్చే రెండు పాయింట్ల కిక్ గోల్లోకెళ్లింది. 8-6! నలభై ఏళ్లకు పెద్ద ట్రోఫీ!! ఏడ్చేశాను. అదే ఏడాది లీగ్ పట్టికలో మొదటి జట్టుకిచ్చే షీల్డ్, విగాన్‌ని 24-6తో ఓడించి గ్రాండ్ ఫైనల్ కూడా మనదే.

కోచ్ విల్లీ పీటర్స్‌కి ఎంత పేరొచ్చినా తక్కువే. కానీ నా మొదటి దండం మాత్రం 2017లో కింది డివిజన్‌లోనూ టికెట్ కొని స్టాండ్స్‌లో నిలబడ్డవాళ్లకే.