పొద్దున నిలిచి సాయంత్రం వాలే రెప్ప: అమ్మ జబ్బు ఏ విభాగానిదో తెలిసేదాకా

మాది చిత్తూరు దగ్గర పల్లె, పాడి ఇల్లు. అమ్మకు 68 ఏళ్లు. పొద్దున ఆవుల పాలు హాయిగా పిండేది. సాయంత్రం పిండేటప్పటికి వేళ్లలో పట్టు ఉండేది కాదు. తర్వాత ఎడమ కంటి రెప్ప వాలడం మొదలైంది, ఒకటి రెండుగా కనపడసాగింది. రాత్రి అన్నం తింటూ నమల్లేక దవడ చేత్తో పట్టుకునేది.

కంటి డాక్టరు అద్దాలు మార్చాడు. పక్షవాతమేమోనని ఇంకోచోట మెదడుకు ఎంఆర్ఐ తీశారు. అంతా బాగుందని, వయసు నీరసమని బలం మాత్రలిచ్చారు. ఊళ్లో వాళ్లు మెదడు ఆపరేషన్ డాక్టరు పేరు చెప్పారు. మా వీధిలో నర్సుగా చేసిన అక్క మాత్రం "ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్ వేరే, జబ్బేదో తేల్చి మందిచ్చే న్యూరాలజిస్టు వేరే నాయనా. ముందు తిరపతికి పోయి న్యూరాలజీలో చూపించు" అనింది.

తిరపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని కూర్చున్నాం. మా చుట్టూ ఫిట్స్ వచ్చే పిల్లలు, చెయ్యి వణికే పెద్దాయన, మతిమరుపు ముదిరిన అవ్వ. మూర్ఛకు, పార్కిన్సన్స్‌కు, పక్షవాతానికి, మతిమరుపుకు న్యూరాలజీలో వేర్వేరు శాఖలున్నాయని అక్కడే తెలిసింది.

మా వంతు వచ్చేసరికి పొద్దునపూట కదా, అమ్మ రెప్ప నిటారుగా ఉంది! ముందురోజు సాయంత్రం ఫోన్లో తీసిన వీడియో చూపించాను. డాక్టరమ్మ అది చూసి, "రెప్ప వెయ్యకుండా పైకే చూడు పెద్దమ్మా" అన్నారు. కాసేపటికే రెప్ప జారింది. దానిమీద ఐసు పెట్టించారు, మళ్లీ లేచింది. నాకు ఒళ్లు జలదరించింది.

తర్వాత నరాల పరీక్ష గది. క్లినికల్ న్యూరోఫిజియాలజీ అంటే ఇట్లాంటి పరీక్షలు చేసే శాఖే. సెకనుకు 3 సార్లు చిన్న కరెంటు ఇస్తుంటే తెరమీద అలల ఎత్తు ఒకదాని తర్వాత ఒకటి తగ్గుతూ పోయింది. మయస్తీనియా గ్రావిస్ అన్నారు. నరం చివర నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వచ్చి కండను కదిలిస్తుంది. దాన్ని అందుకునే చోట్లను రోగాలతో పోరాడాల్సిన మన ఒంట్లోని యాంటీబాడీలే అడ్డుకుంటాయి. వాడేకొద్దీ కండ అలిసిపోతుంది, విశ్రాంతినిస్తే కోలుకుంటుంది. తప్పు నరానికీ కండకూ మధ్య సందులో ఉంటే మెదడు ఫొటోలో ఎట్లా దొరుకుతుంది? ఈ సందూ, నరాలూ, కండలూ న్యూరోమస్కులర్ శాఖ కిందికి వస్తాయి. మెదడు బాగుందన్న కాగితం చూసి ఆగిపోయే ఇళ్లు మాలాంటివి ఇంకెన్నో ఉంటాయి. అందుకే రాస్తున్నాను.

రక్తంలో యాంటీబాడీలున్నట్టు తేలింది. ఛాతీకి సీటీ స్కాన్ తీయించమంటే ఎందుకో నాకు అర్థం కాలేదు. రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథిలో కొందరికి కణితి ఉంటుందట, ఉంటే తీసేది ఛాతీ సర్జన్. అమ్మకు లేదు. పిరిడోస్టిగ్మిన్ మాత్ర వేసుకుంటే గంటలోపే తేడా తెలుస్తోంది, కొన్ని గంటలే పనిచేస్తుంది గనక రోజంతా విడతలుగా వేసుకోవాలి. యాంటీబాడీలను తగ్గించే మందు వేరే ఇచ్చారు, అది నిదానంగా పనిచేస్తుంది.

జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఈ జబ్బును ముదిరిస్తాయి. అందుకని జ్వరమొచ్చి ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు జబ్బు పేరు చెప్పాలి. మింగడం కష్టమైనా, ఊపిరి అందకపోయినా ఓపీ దాకా ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకురమ్మన్నారు.