ఎర్ర పాచితో మూడు నెలలు: మా ఉప్పునీటి అక్వేరియం నమోదులు

మే 4

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలోని మా ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు మొదలుపెట్టి ఈ నెలతో పద్నాలుగు నెలలు నిండాయి. ట్యాంకు కొలతలు 90×45×45 సెంటీమీటర్లు. రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు తీసివేసి, కింద సంపులో, అంటే వడపోత పరికరాలు ఉండే రెండవ తొట్టిలో, ఉన్న నీటిని కలుపుకుంటే మొత్తం సుమారు 160 లీటర్లు. హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జత, ఒక బ్లెన్నీ చేప, అయిదు టర్బో నత్తలు, సంపులో గుప్పెడు కీటోమార్ఫా నాచు ఉన్నాయి. గట్టి పగడాలు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కనుక వాటి జోలికి వెళ్లలేదు. రాళ్లు కూడా సముద్రం నుంచి తీసినవి కావు, కొని తెచ్చిన పొడి సున్నపురాళ్లు.

ఈ రోజు ఎడమ మూలన, రాళ్ల వెనుక, నీటి ప్రవాహం సరిగా చేరని చోట ఇసుక మీద అరచేయంత మేర ముదురు ఎరుపు పొర కనిపించింది. దాని నిండా చిన్న చిన్న గాలి బుడగలు చిక్కుకుని ఉన్నాయి. పిపెట్‌తో మెల్లగా ఊదితే ఆ పొర తడిసిన కాగితంలా ఒక్క ముక్కగా లేచి వచ్చింది.

మే 7

పేరుకు పాచి అంటున్నాము గాని ఇది నాచు జాతి కాదు, సయనోబాక్టీరియా, అంటే సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకునే బాక్టీరియా. అయినా చూపును నమ్ముకుని చికిత్స మొదలుపెట్టడం మంచిది కాదు. డైనోఫ్లాజెల్లేట్లు కూడా ఇలాగే జిగురుగా, బుడగలతో కనిపిస్తాయి, వాటికి చేయవలసిన పని చాలావరకు దీనికి వ్యతిరేకం. అందుకని కొంత పొరను చిన్న సీసాలో వేసి గట్టిగా కుదిపి, కాఫీ వడకట్టే కాగితం గుండా వడగట్టి, దిగిన నీటిని గంటసేపు దీపం కింద ఉంచాను. డైనోఫ్లాజెల్లేట్లు అయితే ఆ నీటిలో మళ్లీ దారాలుగా ముద్దకట్టాలి. అలా జరగలేదు. వృక్షశాస్త్రం బోధించే మిత్రుడు సూక్ష్మదర్శినిలో 400 రెట్లు పెద్దదిగా చేసి చూపించినప్పుడు గదులు గదులుగా ఉన్న సన్నని పోగులు స్పష్టంగా కనిపించాయి. ఇక సందేహం లేదు.

మే 9

నీటి పరీక్షలు చేశాను. నైట్రేటు సున్నా, ఫాస్ఫేటు 0.22 పీపీఎం (పది లక్షల వంతుల నీటిలో 0.22 వంతు), సాంద్రత 1.026, సాయంత్రం నాలుగు గంటలకు ఉష్ణోగ్రత 29.4 డిగ్రీలు. ఈ నాలుగింటిలో నన్ను ఆపినవి మొదటి రెండు. ఒకటి బొత్తిగా లేకపోవడం, రెండవది ఉండవలసిన దానికి ఎన్నో రెట్లు ఉండడం.

మే 11

రెండు రోజులు పాత నమోదులన్నీ తిరగేశాను. ఫిబ్రవరిలో నైట్రేటు 25కు చేరిందని కంగారుపడి, రోజుకు 15 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ పోయడం మొదలుపెట్టినట్టు అందులో ఉంది. వెనిగర్‌లోని కర్బనాన్ని తిని నీటిలోని బాక్టీరియా పెరుగుతాయి, పెరిగే క్రమంలో నైట్రేటును, ఫాస్ఫేటును తమ ఒంటిలోకి తీసుకుంటాయి, ఆ బాక్టీరియాను స్కిమ్మర్ అనే బుడగల యంత్రం నురుగుతో బయటకు లాగుతుంది. పద్ధతి మంచిదే. అయితే అవి రెండింటినీ సమానంగా తీసుకోవు. సముద్రజీవుల శరీరంలో ఒక ఫాస్ఫరస్ (ఫాస్ఫేటులోని మూలకం) పరమాణువుకు సుమారు పదహారు నత్రజని (నైట్రేటులోని మూలకం) పరమాణువులు ఉంటాయి. నా ట్యాంకులో ఆ లెక్కకు తగినంత నత్రజని లేనందువల్ల అది ముందుగా అయిపోయింది, ఫాస్ఫేటు మిగిలిపోయింది. నత్రజని లేని నీటిలో మామూలు నాచు ఎదగలేదు. సయనోబాక్టీరియాలో కొన్ని జాతులు మాత్రం నీటిలో కరిగిన నత్రజని వాయువునే పోషకంగా మార్చుకోగలవు, కనుక పోటీ లేని నేల వాటికి దక్కుతుంది. సంపులోని కీటోమార్ఫా రెండు నెలలుగా పాలిపోయి ఎదగకుండా ఉండడానికి కారణం ఇదేనని ఇప్పుడు అర్థమైంది. ఆ పాలిపోవడమే తొలి హెచ్చరిక. నేను దానిని దీపం లోపమనుకున్నాను.

వెనిగర్‌ను ఒక్కసారిగా ఆపితే దాని మీద బతుకుతున్న బాక్టీరియా ఒక్కసారిగా చచ్చి నీరు చెడుతుంది. రోజుకు రెండు మిల్లీలీటర్ల చొప్పున తగ్గించి ఎనిమిది రోజుల్లో పూర్తిగా ఆపుతాను.

మే 17

పొరను తీసే పద్ధతి ఈ వారంలో కుదిరింది. ఉదయం పూట పొర పలచగా, చీలికలుగా ఉంటుంది, తీయబోతే ముక్కలై నీటిలో చెదిరిపోతుంది. దీపాలు వెలిగిన ఏడెనిమిది గంటల తరువాత బుడగలతో ఉబ్బి దళసరిగా ఉన్నప్పుడు తీస్తే దుప్పటిలా చుట్టుకుని వస్తుంది. ముందుగా పంపులన్నీ ఆపి, ఎయిర్ పంపు గొట్టమంత సన్నని గొట్టంతో, ఇసుకకు కొద్దిగా పైన పట్టుకుని సైఫన్ చేయాలి. లావు గొట్టమైతే పది నిమిషాల్లో సగం ఇసుక బకెట్లోకి వస్తుంది. ఒక్కోసారికి 15 లీటర్లు తీసి, అంతే కొత్త ఉప్పునీరు పోస్తున్నాను.

సముద్రం నడక దూరంలో ఉండగా ఉప్పు కొనడం ఎందుకని ఇంటికి వచ్చిన వారందరూ అడుగుతారు. ఊరి గెడ్డలు (వాగులు) తీరంలోనే కలుస్తాయి, వానాకాలం తరువాత నదుల నీరు చేరి బంగాళాఖాతం ఒడ్డున ఉప్పదనం బాగా పడిపోతుంది. పడవలో దూరం వెళ్లి నీరు తెచ్చుకునే వారు ఉన్నారు గాని, పాచితో పోరాడుతున్న సమయంలో లోపల ఏమున్నదో తెలియని నీటిని పోయడం నాకు సమ్మతం కాదు.

మే 24

ఫాస్ఫేటు ఎక్కడి నుంచి వస్తున్నదో వెతికాను. ఈ ఎండలకు, పైన తిరుగుతున్న ఫ్యానుకు రోజుకు మూడు లీటర్ల నీరు ఆవిరవుతోంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే. దానికి బదులు మనం పోసే నీటిలో ఏమున్నా అది లోపలే మిగిలిపోతుంది. ఆర్‌ఓ యంత్రంలో మిగిలిన లవణాలను పట్టుకునే చివరి రెసిన్ తరువాత టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) సున్నా చూపాలి, నాది 14 చూపింది. రెసిన్ ఎప్పుడో అయిపోయింది. ఆ నీటిలో ఫాస్ఫేటు 0.06 పీపీఎం. నెలకు 90 లీటర్లు పోస్తే ట్యాంకులో పెరిగేది సుమారు 0.03 పీపీఎం మాత్రమే. రెసిన్ మార్చాను గాని, 0.22కు అది ఒక్కటే కారణం కాదని లెక్క చెబుతోంది.

మిగిలినది మేత. ఏప్రిల్‌లో నేను పన్నెండు రోజులు రాజమహేంద్రవరంలో ఉన్నప్పుడు నాన్నగారు రోజుకు మూడుసార్లు మేత వేశారు. అడిగితే, “నేను ఆ గదిలోకి వెళితే చాలు, క్లౌన్ చేపలు రెండూ అద్దం దగ్గరకు వచ్చేస్తున్నాయిరా. చూసి చూసి పెట్టకుండా ఎలా ఉంటాను?” అన్నారు. ఆయన ప్రేమను తప్పుపట్టలేను. ఇకమీదట ఊరికి వెళ్లేముందు రోజువారీ మోతాదును చిన్న డబ్బాల్లో సర్ది ఇచ్చి వెళతాను. నా పొరపాటు కూడా ఉంది: పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన రొయ్యలను తరిగి గడ్డకట్టించి, కరిగిన రసంతో సహా వేస్తూ వచ్చాను. ఆ రసంలోనూ ఫాస్ఫేటు ఉంటుంది. ఇప్పుడు సన్నని వలలో వేసి, ఆర్‌ఓ నీటితో రెండుసార్లు కడిగి వేస్తున్నాను.

మే 31

మూడు రోజులు దీపాలు ఆపి, ట్యాంకు చుట్టూ నల్లగుడ్డ కప్పి ఉంచాను. చీకట్లో పొర చచ్చి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ తగ్గుతుంది కనుక ఎయిర్ స్టోన్ ఆపకుండా నడిపాను. కరెంటు పోయినా ఆగకుండా దానిని ఇన్వర్టర్‌కు కలిపాను. గుడ్డ తీసినప్పుడు ఇసుక తెల్లగా మెరిసింది.

జూన్ 5

అయిదు రోజుల్లో మళ్లీ వచ్చింది. కారణాలు అలాగే ఉండగా చీకటి ఇచ్చేది విరామం మాత్రమే.

జూన్ 8

ఎరిత్రోమైసిన్ వేస్తే రెండు రోజుల్లో పోతుందని ఇద్దరు సలహా ఇచ్చారు. పోవచ్చు, ఇది బాక్టీరియానే కదా. అయితే అమ్మోనియాను నైట్రేటుగా మార్చి చేపలను బతికించేది కూడా బాక్టీరియానే. పైగా మందు కలిసిన నీటిని చివరకు మన కాలువల్లోకే వదలాలి. అక్కడ పెరిగేది మందుకు లొంగని సూక్ష్మజీవులు. మనుషులకు పనికివచ్చే మందును ఇసుక మీది మరక కోసం ఖర్చు చేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

దానికి బదులుగా నైట్రేటునే పోయడం మొదలుపెట్టాను. ప్రయోగశాల నాణ్యత గల పొటాషియం నైట్రేటు అర గ్రాము 160 లీటర్లలో సుమారు 2 పీపీఎం నైట్రేటును పెంచుతుంది. దానితో పొటాషియం ఒక పీపీఎంకు కాస్త పైగా పెరుగుతుంది గాని, సముద్రపు నీటిలో సహజంగానే 400 వరకు ఉంటుంది కనుక అది లెక్కలోకి రాదు. ఎరువుల దుకాణంలో దొరికే 13-0-45 ప్రధానంగా ఇదే రసాయనం. అయినా అందులో వేరే లోహాలు ఉంటే నత్తలకు ప్రమాదం కనుక దానిని వాడలేదు.

రెండవ వేవ్‌మేకర్‌ను, గంటకు 3000 లీటర్ల నీటిని తిప్పే పంపును, ఎడమ మూలకు ఎదురుగా బిగించాను. ఇసుక ఎగిరిపోకుండా కాస్త పైకి తిప్పి పెట్టవలసి వచ్చింది.

జూన్ 19

పొటాషియం నైట్రేటు మొదటి మోతాదు మూడు రోజుల్లో మాయమైంది, రెండవదీ అంతే. నాలుగవ మోతాదు తరువాత పరీక్షలో, నైట్రేటు ఉందని చెప్పే గులాబి రంగు మొదటిసారి నిలిచింది.

ఫాస్ఫేటును పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు 30 గ్రాములు వల సంచిలో వేసి సంపులో ఉంచి రెండు వారాలయింది. ఫాస్ఫేటు 0.22 నుంచి 0.09కు దిగి, సంచి తీసిన నాలుగు రోజులకు తిరిగి 0.13 అయింది. నెలల తరబడి సున్నపురాళ్లు పీల్చుకున్న ఫాస్ఫేటు నీటిలో తగ్గగానే తిరిగి బయటకు వస్తోంది. కనుక ఇది ఒకసారితో తీరే పని కాదు. ఆ గుళికలను ఒకేసారి ఎక్కువ వేయకుండా, పది రోజులకొకసారి మార్చుతున్నాను.

జూలై 6

వానలు పడ్డాయి, నీటి ఉష్ణోగ్రత 27.5కు దిగింది. నైట్రేటు 4, ఫాస్ఫేటు 0.07. పాచి విస్తరించడం ఆగింది. ఎరుపు తగ్గిన చోట రాళ్ల మీద సన్నని పచ్చని నాచు మొలుస్తోంది, దానిని నత్తలు గీరి తింటున్నాయి. ఎర్ర పొరను అవి ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా ముట్టలేదు.

జూలై 28

కీటోమార్ఫా ముదురు ఆకుపచ్చకు తిరిగి రెట్టింపయింది, నిన్న మొదటిసారి సగం కత్తిరించి తీశాను. నైట్రేటు 5, ఫాస్ఫేటు 0.05, టీడీఎస్ సున్నా. రాళ్ల వెనుక బొటనవేలి గోరంత ఎర్రమచ్చ ఒకటి మిగిలి ఉంటే ఈ సాయంత్రం తీసేశాను. పొటాషియం నైట్రేటు మోతాదును వారానికి ఒకసారికి తగ్గించాను. తరువాతి గుళికల మార్పు ఆగస్టు 4న.