ఒళ్లు మొరాయిస్తోందా, మనసు మొరాయిస్తోందా: లైమ్ తర్వాత నా అనుభవం

టిక్ అనే పురుగు కుట్టడం వల్ల వచ్చే లైమ్ జబ్బు అంటే మనవాళ్లలో చాలామందికి తెలియదు. డిప్రెషన్ అంటే తెలిసినట్టే తల ఊపుతారు గానీ నమ్మరు. నాకు రెండూ వచ్చాయి కాబట్టి రెండు రకాల మాటలూ పడ్డాను.

మేముండేది అమెరికాలో కనెటికట్ రాష్ట్రం, హార్ట్‌ఫర్డ్ దగ్గర. ఇన్సూరెన్స్ కంపెనీల ఊరు, ఐటీ ఉద్యోగాల కోసం వచ్చిన మనవాళ్లు బాగానే ఉన్నారు. లైమ్ అన్నది ఈ రాష్ట్రంలోనే ఉన్న ఒక ఊరి పేరు. 1975 ప్రాంతంలో అక్కడి పిల్లలకు వరసగా కీళ్లవాపులు వస్తుంటే పాలీ మరే అనే గృహిణి పట్టుబట్టి ఆరోగ్యశాఖను కదిలించింది. యేల్ విశ్వవిద్యాలయం నుంచి అలెన్ స్టీర్ అనే డాక్టరు వచ్చి పరిశీలించాడు. తర్వాత 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అసలు కారణమైన బాక్టీరియాను టిక్ కడుపులో పట్టుకున్నాడు. అంతకుముందు ఏళ్ల తరబడి పాలీ మరే నొప్పులను కొందరు డాక్టర్లు మనసు జబ్బుగానే లెక్కేశారు. ఈ సంగతి చదివిన రోజు నాకు ఆవిడ మీద ఎక్కడలేని చుట్టరికం పుట్టుకొచ్చింది.

టిక్ అంటే మరేం లేదు, మన గేదెలకు పట్టే పిడుదుల కోవకు చెందినదే. మా నాయనమ్మ సాయంత్రం పూట గేదె చెవుల వెనక నుంచి వాటిని గిల్లి కిరసనాయిలు చిప్పలో వేసేది. కాకపోతే ఇక్కడి టిక్ పిల్ల గసగసాల గింజంత ఉంటుంది. కుట్టినట్టు తెలియదు. ఒంటిని పట్టుకుని ఒక రోజుకు పైగా ఉంటేనే సాధారణంగా జబ్బు అంటుకుంటుంది, కానీ ఉందని తెలిస్తేగా పీకేసేది! మే నుంచి జులై దాకా వాటి జోరు ఎక్కువ. సరిగ్గా అప్పుడే మనం పెరట్లో గోంగూర, బచ్చలి వేసుకుంటాం.

టిక్ కుట్టిన చోట వచ్చే లైమ్ మచ్చ అంటే బొమ్మల్లో ఎక్కువగా తెల్ల ఒంటి మీద ఎర్రటి వలయాన్నే చూపిస్తారు. నాకు మోకాలి వెనక వచ్చింది కమిలినట్టున్న ఊదారంగు మచ్చ. అర్జెంట్ కేర్‌లో చూసినాయన దేనికో తగిలి ఉంటుందన్నాడు. రక్తపరీక్ష నెగటివ్. మొదటి వారాల్లో యాంటీబాడీలు ఇంకా తయారు కావు కాబట్టి అప్పుడు నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. వేసవి గడిచాక మోకాలు బుస్సున పొంగింది. అప్పుడు రెండంచెల పరీక్షలో బయటపడింది. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడాను. వాపు తీసేసింది.

నీరసం పోలేదు. చికిత్స అయ్యాక కూడా వందలో ఐదు నుంచి పది మందికి నొప్పులు, అలసట, ఆలోచన మందగించడం నెలల తరబడి ఉండిపోతాయట. దీన్ని పోస్ట్ ట్రీట్‌మెంట్ లైమ్ డిసీజ్ సిండ్రోమ్ అంటారు. క్రానిక్ లైమ్ అనే మాట జనంలో ఉంది గానీ ఎక్కువమంది డాక్టర్లు ఒప్పుకోరు. పేరు ఏదైతేనేం, తలంటుకోవడానికి చేతులు పైకెత్తితే భుజాలు పీకేవి. మా అమ్మాయే నా జడ విప్పి, నూనె పెట్టి, మళ్లీ అల్లేది. ఆఫీసు మీటింగుల్లో మాట నాలిక చివర దాకా వచ్చి ఆగిపోయేది.

అమ్మకి ఫోన్‌లో ఎలా చెప్పాలో తెలియక చాలా రోజులు దాటేశాను. చివరికి చికున్‌గున్యా ఆదుకుంది. 2006లో మన రాష్ట్రమంతా మంచాన పడ్డప్పుడు, జ్వరం తగ్గాక కూడా జనం నెలల పాటు గోడ పట్టుకుని నడిచారు కదా. "అట్టాంటిదేనమ్మా ఇదీ" అన్నాను. అమ్మకి చటుక్కున అర్థమైంది. "అయితే ఒళ్లు గట్టిగా పట్టేసుంటది తల్లీ" అంది. ఆ వెంటనే దిష్టి కూడా తీయించుకోమంది, అది వేరే సంగతి.

డిప్రెషన్ ఎప్పుడు మొదలైందో నేను చెప్పలేను. నీరసం, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం రెండు జబ్బుల్లోనూ ఉన్నాయి. చిక్కంతా అక్కడే. ఫ్యామిలీ డాక్టరు దగ్గర కూర్చుంటే పీహెచ్‌క్యూ-9 అనే కాగితం ఇస్తారు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే గట్టిగా పట్టించుకోవాలి. నిద్ర, ఆకలి, అలసట ప్రశ్నలకు నా మార్కులన్నీ లైమ్ ఖాతాలోవే అని నా వాదన. తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆ వాదన పనిచేయలేదు. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనలు వస్తున్నాయా అని అడుగుతుంది అది. 'కొన్ని రోజులు' అన్న గడిలో టిక్కు పెట్టి కాగితం తిరగేసి ఇచ్చాను. డాక్టరమ్మ దాన్ని మళ్లీ తిప్పి, ఆ గడి మీద వేలు పెట్టి, గొంతు మార్చకుండా అడిగింది: ఎప్పుడు వస్తాయి, ఎంతసేపు ఉంటాయి, ఏమైనా చేయాలని అనుకున్నారా. అనుకోలేదని చెప్పాను, అది నిజమే. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినప్పుడు అమెరికాలో ఫోన్ చేసే 988 హెల్ప్‌లైన్ నంబరు నా ఫోన్‌లో తన ముందే సేవ్ చేయించింది. మా ఆయన్ని లోపలికి పిలిచి చెప్పవచ్చా అని నన్ను అడిగి, సరేనన్నాకే పిలిచింది. కారులో ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, "ఇకనుంచి ఆ ఆలోచన వస్తే అర్ధరాత్రయినా సరే నన్ను లేపు" అన్నాడు. లేపిన రాత్రులున్నాయి.

మందు మొదలుపెట్టడానికి నాకు అడ్డం పడింది భయం కాదు, పౌరుషం. డిప్రెషన్ మందు మింగితే 'చూశావా, అంతా నీ మనసులోనే ఉంది' అనేవాళ్లకు రసీదు రాసిచ్చినట్టు కాదూ? ఆ మాట అన్నవాళ్లు మా చుట్టాల్లో ఉన్నారు, డాక్టర్లలోనూ ఉన్నారు. ఇంకోపక్క ఒక ప్రైవేటు క్లినిక్ వాళ్లు డిప్రెషన్ గిప్రెషన్ ఏమీ లేదు, అంతా బాక్టీరియానే, నెలల పాటు నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కిస్తాం అన్నారు. ఇన్సూరెన్స్ ఒప్పుకోదు, డబ్బు మనమే కట్టాలి. మా ఆయన కూర్చుని ప్రయోగాల ఫలితాలు వెతికాడు. 2001లో అమెరికాలో, 2016లో నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్షల్లో అదనంగా యాంటీబయాటిక్ వాడినవాళ్లకు మందు లేని ఉత్తుత్తి డోసులు తీసుకున్నవాళ్ల కంటే మెరుగేమీ కనబడలేదు. నరంలో పెట్టే గొట్టంతో ఇన్ఫెక్షన్లు వచ్చే ప్రమాదం అదనం. ఆ దారి వదిలేశాం. నన్నడిగితే, నొప్పితో ఉన్న మనిషి ఆశకు రేటు కట్టడం కంటే నీచం ఇంకోటి లేదు.

నా పౌరుషం తగ్గడానికి సాయం చేసింది డెన్మార్క్ లెక్క. 2021లో అచ్చయింది. ఆ దేశంలోని ఆసుపత్రి రికార్డులన్నీ చూస్తే లైమ్ వచ్చినవాళ్లలో మానసిక జబ్బులు మిగతావాళ్లకంటే 28 శాతం ఎక్కువ, ఆత్మహత్యా ప్రయత్నాలు రెట్టింపు. అసలు సంఖ్యలు చిన్నవే, లైమ్ వచ్చిన చాలామందికి ఇవేమీ రావు. అయినా నా రెండు జబ్బులూ ఒకే గుమ్మంలోంచి వచ్చి ఉండొచ్చన్న మాట నాకు కొండంత ధైర్యం. సైకియాట్రిస్టు దాన్ని ఇంకా సూటిగా తేల్చేసింది: "ఏది ముందు వచ్చిందో తేల్చాకే వైద్యం చేద్దామంటే మీరు అప్పటిదాకా ఇలాగే ఉండాలి. రెండిటికీ చేద్దాం."

డులోక్సెటిన్ రాసింది. డిప్రెషన్‌తోపాటు కండరాల, కీళ్ల దీర్ఘకాలిక నొప్పికి కూడా వాడే మందు. 30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 60కి పెంచారు. మొదట్లో కడుపులో తిప్పింది, పెరుగన్నం తప్ప ఏదీ దిగలేదు. ఆ తర్వాత కూడా వారాల తరబడి తేడా కనబడలేదు. ఒక సాయంత్రం పొయ్యి మీద పోపు చిటపటలాడుతుంటే ఆ వాసనకు ఆకలేసింది. ఆకలి వేయడం ఎలా ఉంటుందో మరిచిపోయి ఉన్నాను కాబట్టే గుర్తుండిపోయింది.

మా ఆఫీసు వాళ్ల ద్వారా కౌన్సెలింగ్ దొరికింది, మొదటి కొన్నిసార్లు డబ్బు కట్టక్కర్లేదు. కౌన్సెలర్ అమెరికన్ ఆవిడ. నలుగురూ ఏమనుకుంటారో అన్న బాధ ఆవిడకు వివరించడానికే ఒక పూట పట్టింది. కానీ ఆవిడ వేసిన ఒక ప్రశ్న నాకు చాలా పనికొచ్చింది. "రేపు పొద్దున నొప్పి మాయమైందనుకో, ముందు ఏం చేస్తావు?" జబ్బు మొదట్లో అడిగి ఉంటే పెద్ద జాబితా చెప్పేదాన్ని. అప్పుడు మాత్రం ఒక్కటంటే ఒక్కటి తోచలేదు. చేయాలని ఉండి చేయలేకపోతే అది ఒంటి సంగతి, చేయగలిగినా చేయాలనిపించకపోతే అది మనసు సంగతి. ఎప్పుడూ ఇంత శుభ్రంగా విడిపోవనుకోండి. అయినా పొద్దున్నే ఆ ప్రశ్న వేసుకుంటే ఆ రోజు పడుకోవాలో, బలవంతంగా బయటికి నడవాలో కాస్త తెలిసేది.

ఎందుకంటే ఈ రెండు జబ్బుల సలహాలు ఒకదానికొకటి ఎదురు. డిప్రెషన్‌కి లేచి తిరగమంటారు. లైమ్ అలసటకు మాత్రం బాగున్న రోజున ఎగబడి పనిచేస్తే మూడు రోజులు మంచం దిగనివ్వదు. కాబట్టి బాగున్న రోజున కూడా పని మధ్యలో ఆపడం నేర్చుకున్నాను. కూరలు స్టూల్ మీద కూర్చుని తరిగాను. నడక మా వీధి చివర మెయిల్‌బాక్సుల దాకానే, ఎండ బాగుందని ఇంకో వీధి పొడిగించడం లేదు. ఇంటికి ఎవరైనా భోజనానికి వస్తామంటే ఒక కూర, పప్పు, పెరుగు. పులిహోర చేయలేదేమని అడిగిన వదినగారిని మా ఆయనే వంటింట్లోకి పంపించాడు, చింతపండు డబ్బా ఎక్కడుందో కూడా చూపించి.

డిసెంబరు ఇక్కడ పెద్ద గండం, నాలుగున్నరకే చీకటి. పదివేల లక్స్ (వెలుగు కొలత) దీపం ముందు పొద్దున అరగంట కూర్చోమన్నారు. కాఫీ తాగుతూ కూర్చుంటాను. ఎంత పనిచేస్తుందో గానీ ఆ అరగంట ఎవరూ నన్ను పిలవరు.

ఉద్యోగం విషయంలో మన హెచ్-1బీ వాళ్లకు ఒక మాట. సెలవు పెడితే వీసా పోతుందని నేను వణికిపోయాను. కంపెనీ ఒప్పుకుని ఇచ్చిన సెలవులో ఉద్యోగ సంబంధం తెగదు కాబట్టి స్టేటస్ పోదని లాయరు చెప్పాడు. మీ సంగతి మీ లాయర్‌ని అడగండి. అర్హత ఉన్నవాళ్లకు ఎఫ్ఎమ్ఎల్ఏ అనే అమెరికా సెలవు చట్టం కింద ఏడాదిలో 12 వారాల దాకా జీతం లేని సెలవు ఉంటుంది, ముక్కలుగా కూడా వాడుకోవచ్చు. కనెటికట్‌లో 2022 నుంచి రాష్ట్రం కొంత డబ్బు కూడా ఇస్తోంది. నేను మధ్యాహ్నాలు ముక్కలుగా వాడాను. మేనేజరుకు జబ్బు పేరు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

మన దేశంలో ఉన్నవాళ్లకైతే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మా పెద్దమ్మ కొడుక్కి ఆ నంబరు నేనే పంపాను. వాడు దేనికని అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు నా పీహెచ్‌క్యూ మార్కులు పదిలోపే ఉంటున్నాయి, తొమ్మిదో ప్రశ్నకు సున్నా. మోకాలు వాన పడే ముందు గుర్తుచేస్తూనే ఉంటుంది. గోంగూర ఈసారి కూడా వేశాను, తెల్ల సాక్సుల్లోకి ప్యాంటు దోపుకుని. లోపలికి రాగానే బట్టలు డ్రయ్యర్లో పడేస్తాను, ఆ వేడికి టిక్కులు చస్తాయి. మందు తగ్గిద్దామా అని మొన్న అడిగితే చలికాలం ముందు వద్దంది సైకియాట్రిస్టు. ఏప్రిల్‌లో చూస్తాం.