తాత దూలాలతో కలువ తొట్టి

మాది అనంతపురంలో అద్దె ఇల్లు. పెరట్లో జానెడు లోతు తవ్వితే గునపం ఖంగుమంటుంది. సిమెంటు తొట్టి కడతానంటే ఓనరు ఒప్పుకోడు. కలువలు పెంచాలన్న పిచ్చి మాత్రం నన్ను వదల్లేదు. సరిగ్గా అప్పుడే ఊర్లో మా తాత కట్టిన చవుడు మిద్దె, అంటే దూలాల మీద చవుడు మట్టి కప్పిన పాత ఇల్లు, పడగొట్టారు. వేప దూలాలు, వాటి మీద అడ్డంగా వేసే దంతెలు పొయ్యిలోకి పోయేలోపే ట్రాక్టరులో వేయించుకొచ్చాను. నేల మీదే నిలబడే చెక్క తొట్టి, లోపల ప్లాస్టిక్ షీటు. ఇల్లు మారితే విప్పుకొని పోవచ్చు.

సామిల్లులో మొదటి మాటే, "మేకులన్నీ పీక్కొని రాన్నా, బ్లేడు పోతే ఖర్చు నీదే" అని. ఒక ఆదివారమంతా దానికే సరిపోయింది. కంటికి కనపడేవన్నీ పీకాక, పాత స్పీకరులోని అయస్కాంతాన్ని దూలం పొడవునా జరుపుతూ పోతే, ఒకచోట టక్కున అతుక్కుంది. ఉలితో చెక్కి చూస్తే చూపుడువేలంత మేకు, తల ఎప్పుడో విరిగిపోయి, చెక్కలో కలిసిపోయి ఉంది.

వడ్రంగి ఆచారిని పిలిచి కొలతలు చెప్పాను. పొడవు ఐదడుగులు, వెడల్పు మూడు, ఎత్తు రెండు. ఆరంగుళాల పలకలు ఒకదాని మీద ఒకటి నాలుగు వరసలు. "నడాన గుంజలు ఏసి బిగిద్దాం సామీ" అన్నాడాయన. చూపుకు అడ్డం, వద్దన్నాను. నా భయమంతా కారుతుందేమోనని. అందుకే షీటు విషయంలో ఎక్కడా తగ్గలేదు. మావైపు చీనీ (బత్తాయి) తోటల్లో నీటి కుంటలకు పరుస్తారే, ఆ 500 మైక్రాన్ల షీటు, అంటే అర మిల్లీమీటరు మందం. బంధువుల తోటలో మిగిలిన ముక్క తెచ్చి, మడతలు పడ్డచోట కత్తిరించకుండా కవరు మడిచినట్టు మూలల్లోకి మడిచాను. చెదలు ఎక్కకుండా కింద ఇటుకలు పెట్టి, వాటి మీద కడప బండలు పరిచాం. చెక్కకు బయటివైపు రెండుసార్లు వేపనూనె పట్టించాను. వారం రోజులు పెరడంతా అదే కంపు.

కొళాయి వచ్చిన రోజు సాయంత్రం అడుగున్నర ఎత్తు నీళ్ళు నింపాం. చుక్క కారలేదు. నేను గొప్పగా ఫోటోలు తీసుకొని పడుకున్నాను. తెల్లారి అమ్మ లేపింది. "తొట్టికి కడుపొచ్చింది రా, చూద్దువు రా!"

నిజంగానే. పొడవు పక్కలు రెండూ నడుమ రెండువేళ్ళ మేర బయటికి ఉబ్బాయి. పలకల సందుల్లోంచి నల్ల షీటు తొంగిచూస్తోంది. ఒక మూల స్క్రూలు సగం బయటికి వచ్చేశాయి. అప్పుడు కూర్చొని లెక్కేశాను, ముందే వేయాల్సిన లెక్క. ఇరవై రెండున్నర ఘనపుటడుగులు, అంటే దాదాపు 640 లీటర్లు, అంతే కిలోలు. ఆ బరువు కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. పొడవు పక్క ఒక్కోదాని మీద 150 కిలోల పైచిలుకు తోపు, అదీ కిందికి పోయేకొద్దీ ఎక్కువ. ఇద్దరు మనుషులు రాత్రంతా లోపలినుంచి కాళ్ళతో తన్నినట్టు.

ఆచారి వచ్చి చూశాడు. "నీళ్ళే కదా అనుకుంటివా సామీ?" అని మాత్రం అన్నాడు. నీళ్ళన్నీ తోడి కొబ్బరిచెట్టుకు పోశాం. ఈసారి ఆయన చెప్పినట్టే, రెండు పక్కలా నడుమ గుంజలు నిలబెట్టి, వాటి కాళ్ళను తొట్టి కిందుగా ఒక ఇనుప పట్టీతో, తలలను పైన ఇంకో పట్టీతో కలిపి బోల్టులు బిగించాడు. పైపట్టీ నీళ్ళకు అడ్డంగా కనిపిస్తుంది. దాని మీద ఇప్పుడు పొద్దున్నే కాకి వాలి నీళ్ళు తాగుతుంది, కాబట్టి చూపుకు అడ్డమన్న మాట వెనక్కి తీసుకున్నాను.

మిగతాది తేలికే. కలువ దుంపను చిల్లుల్లేని ప్లాస్టిక్ టబ్బులో చెరువు బంకమట్టితో నాటి, మీద గులకరాళ్ళు పరిచి నీళ్ళలో దించాను. కొబ్బరిపొట్టు కలిపిన కుండీమట్టి వేస్తే పైకి తేలిపోతుంది. ఎరువు మాత్రం ఆశకొద్దీ ఎక్కువేసి, పది రోజులు పచ్చటి పాచినీళ్ళు చూశాను.

ఆశా కార్యకర్త శుక్రవారం డ్రై డేకి, అంటే దోమలు పెరగకుండా నిలవ నీళ్ళు పారబోయించే రోజున వచ్చి తొట్టి చూడగానే, "ఇన్ని నీళ్ళు నిలవుంచితే ఎట్లన్నా, డెంగీ కాలం!" అని కేకలేసింది. అందులో దోమ లార్వాలను తినే గంబూసియా చేపలున్నాయని చెప్పినా నమ్మలేదు. టార్చి వేసి, దోమ లార్వాలు లేవని చూసుకున్నాకే కదిలింది.

మేలో గుంజ మీద సుద్దతో గీత గీసి చూస్తే, రోజుకు సెంటీమీటరు పైనే తగ్గుతోంది. అంటే రోజూ ఒక బిందె నీళ్ళు ఎండకు నైవేద్యం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకునే జిల్లాలో ఇది తగునా అని నాకే అనిపించింది. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకు మళ్ళించి, మున్సిపల్ నీళ్ళు తొట్టికి మిగిల్చాను. బోరునీళ్ళు పోస్తే ఆకుల అంచున తెల్లగా ఉప్పు కడుతోంది.

జూన్‌లో ఒక బుధవారం మొదటి పువ్వు విచ్చిందట. విచ్చిందట అనే అంటున్నాను, ఎందుకంటే అది ఎండెక్కాక విచ్చుకొని మధ్యాహ్నం దాటగానే ముడుచుకుంటుంది. నేను ఆఫీసుకు పోయేటప్పుడు మొగ్గ, వచ్చేటప్పటికి మళ్ళీ మొగ్గ. ఆదివారానికి తల వాల్చి నీళ్ళలోకి పోయింది. రెండో మొగ్గ శనివారం పైకి తేలింది. ఆదివారం తొమ్మిదింటికి కాఫీ గ్లాసుతో కుర్చీ వేసుకొని కూర్చుందామని పెరట్లోకి పోతే, కాడ ఒక్కటే ఉంది.

అమ్మ అప్పటికే కోసి వెంకటేశ్వరస్వామి పటానికి పెట్టేసింది.