కరెంటు పోయిన రాత్రి, మెరుపుల రేడియో

ఆదివారం రాత్రి.

ఎనిమిది దాటాక పెరంబూరులో మా వీధికంతటికీ కరెంటు పోయింది. ఉక్కపోతకు అందరూ విసుక్కుంటున్న ఆ సమయమే మెరుపుల రేడియో తరంగాలను పట్టే నా గ్రాహకానికి అనువైనది. కొయ్య చట్రానికి ఎనామెల్ రాగి తీగ చుట్టి మేడ మీద నిలబెట్టిన లూప్ యాంటెన్నాకు మామూలు రోజుల్లో వీధి తీగల 50 హెర్ట్జ్ మోత, దాని గుణిజాలు, ఎల్ఈడీ దీపాల రొద తప్ప మరేమీ సరిగా అందవు. ఈ రాత్రి ఆ మోత అణగగానే మెరుపుల చిటపటలు ఒక్కసారిగా తేటపడ్డాయి.

ఉరుము పాతిక కిలోమీటర్ల అవతలికి వినపడడం అరుదు. ఆ మెరుపు నుంచే పుట్టిన రేడియో తరంగం మాత్రం నేలకూ, వాతావరణం పైభాగంలో విద్యుదావేశాలున్న పొర అయిన ఐనోవరణానికీ మధ్య ప్రతిఫలిస్తూ వేల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. దాని శక్తిలో ఎక్కువ భాగం 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ ప్రాంతంలోనే, అంటే మన చెవి వినగల పౌనఃపున్యాలలోనే ఉండడం వల్ల, యాంటెన్నా సంకేతాన్ని కాస్త పెంచి ల్యాప్‌టాప్ సౌండ్ కార్డుకు ఇస్తే చాలు.

నా వెంట మేడ ఎక్కిన మా తమ్ముడి కూతురు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, "పెదనాన్నా, పిట్ట కూసినట్టుంది!" అంది. అది ట్వీక్. చీకటి పడ్డాక, ఐనోవరణంలో అట్టడుగున ఉండే పగటి డి పొర పలచబడి శోషణ తగ్గినప్పుడే అది వినపడుతుంది. మెరుపు తరంగంలో 1.7 కిలోహెర్ట్జ్ దగ్గరి భాగం మిగిలిన వాటికంటే వెనకబడి చేరుతుంది కనుక, చిటపటకు చివర కిందికి జారే చిన్న కూత మిగులుతుంది. తరంగదైర్ఘ్యంలో సగం ఐనోవరణపు ఎత్తుకు సమానమయ్యే పౌనఃపున్యం వద్ద ఆ కూత తోక ఆగుతుంది. ఈ రాత్రి తెర మీద ఒక తోక సుమారు 1,750 హెర్ట్జ్ వద్ద ఆగింది. కాంతి వేగమైన సెకనుకు 3,00,000 కిలోమీటర్లను దానికి రెట్టింపుతో భాగిస్తే ఐనోవరణపు ఎత్తు దాదాపు 86 కిలోమీటర్లని వచ్చింది.

ఆ లెక్క కాగితం మీద వేస్తున్నప్పుడు కలిగే ఆనందం నాకు ఎన్నడూ పాతబడదు. ఆ ఎత్తుకు విమానాలు, బెలూన్లు చేరలేవు. ఉపగ్రహాలు అంత కిందికి దిగితే కక్ష్యలో నిలవలేవు. రాకెట్లు కొద్ది నిమిషాలు మాత్రమే చూసి వచ్చే ఆ పొరను రాత్రంతా గమనించడానికి ఇటువంటి గ్రాహకాలే ఆధారం.

పగటి పూట నాకు తోడు తిరునల్వేలి దగ్గర విజయనారాయణంలోని నౌకాదళ ప్రసారిణి. 18.2 కిలోహెర్ట్జ్ వద్ద వచ్చే ఆ సంకేతం, సూర్యుడి మీద పెద్ద జ్వాల ఎగసి ఎక్స్ కిరణాలు డి పొరను తాకినప్పుడు, కొద్ది నిమిషాల్లోనే మారిపోతుంది. మెరుపుల నుంచే పుట్టి, గ్రాహకంలో ఈల వేసినట్టు వినిపించే విజిల్ సంకేతాల మీద మాత్రం నాకు పెద్ద ఆశ లేదు. అవి భూ అయస్కాంత బలరేఖల వెంట అంతరిక్షంలోకి పోయి దిగివస్తాయని శాస్త్రవేత్త ఓవెన్ స్టోరీ 1953లో వివరించాడు. అయస్కాంత భూమధ్యరేఖకు ఇంత దగ్గరగా ఉన్న మనకు ఆ రేఖలు అంత ఎత్తుకు లేవవు.

తొమ్మిదిన్నరకు పడమర వైపు నిజంగానే మెరిసింది. వెంటనే తీగ విప్పి, పిల్లను తీసుకుని కిందికి దిగాను. దగ్గరి పిడుగు వేళ మేడ మీద యాంటెన్నా పట్టుకుని నిలబడరాదు. వాన వెలిస్తే, తెల్లవారుజామున 18.2 సంకేతం సూర్యోదయానికి ఎలా మారుతుందో నమోదు చేయాలి.