సోమశిల రేవులో రాతి చేప ముచ్చట

పోయిన ఏప్రిల్‌లో పాలమూరు నుంచి తెల్లారకముందే బయలుదేరి, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరాం. పోర్ట్ బ్లెయిర్‌లో పద్దెనిమిదేళ్లు మేస్త్రీ పని చేసి ఊరికొచ్చేసిన మా మేనమామకు కృష్ణమ్మను చూడాలని ఎప్పటినుంచో ఆశ. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి తప్పించి పైకి తరలించిన సోమేశ్వరాలయంలో దర్శనం చేసుకుని రేవుకు దిగాం. వేసవి కదా, నీళ్లు వెనక్కి పోయి నాచుపట్టిన రాళ్లు బయటపడ్డాయి. పుట్టి ఎక్కుదామని నేను చెప్పులు విప్పగానే మామ గట్టిగా అరిచాడు.

"చెప్పులిప్పకు అల్లుడా! రాళ్లల్ల కాలు పెట్టకు!"

అప్పుడు చూపించాడు, కుడి పాదం కింద నల్లటి మచ్చ. అండమాన్‌లో సముద్రం ఆటుకు తగ్గినప్పుడు, పగడపు దిబ్బల దగ్గర మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ ఓ రాయి మీద కాలేశాడట. అది రాయి కాదు, స్టోన్‌ఫిష్. వీపు మీద 13 ముళ్లు, వాటిని అంటిపెట్టుకుని విషపు తిత్తులు. "కాలు నరికి పారేస్తే బాగుండనిపించింది" అన్నాడు. అక్కడి జాలరి ఒకాయన ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పాదం ముంచి కూర్చోబెట్టి, తర్వాత ఆసుపత్రికి పంపాడు. వేడికి ఆ విషం విరుగుతుంది.

ఆ చేప విషంతోనే వేటాడుతుందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. విషం తనను కాపాడుకోవడానికే. వేటంతా నోటితోనే. ఇసుకలో సగం పూడుకుని గంటల తరబడి కదలదు. ఒంటి మీద నాచు కూడా మొలుస్తుంది. చిన్న చేప నోటి ముందుకొచ్చిందా, 0.015 సెకనులో గుటుక్కున లాగేస్తుంది. ఆ తర్వాత మళ్లీ రాయే. దాన్ని పగదానిలా చూడటం నాకు ఇష్టం లేదు. అది మామ మీదికి రాలేదు, మామే దాని మీద కాలు పెట్టాడు. ఆ మాట ఆయన కూడా ఒప్పుకున్నాడు.

పుట్టి నడిపే పెద్దాయన ఇదంతా వింటూనే ఉన్నాడు. "మా కిష్ణల అసుంటివి లెవ్వు సారూ. కానీ కొర్రమట్ట గూడ గంతే. తుంగల సప్పుడు చెయ్యకుంట పడుంటది, కప్ప దగ్గరికొస్తె అందుకుంటది."

తెలంగాణ రాష్ట్ర చేప అదే. ఆ పేరు వినగానే మామ ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడు ఊరి చెరువులో పట్టిన కొర్రమట్టల ముచ్చట్లు మొదలుపెట్టి, పుట్టి తిరిగి ఒడ్డుకొచ్చేదాకా ఆపలేదు.

దిగాక మాత్రం చేతికర్రతో ముందున్న ప్రతి రాయినీ ఒకసారి పొడిచి చూసి గానీ అడుగెయ్యలేదు. నేను చెప్పులు తొడుక్కుని ఆయన వెనకే నడిచాను.